తంతి తీగ కడియాలు

తాబర్నో రెండోసారి గుండు చేయించుకుంది.

పాలు పోసుకునే సొరకాయ బుర్ర తోముతున్న కోడలు చెయ్యి ఆపేసి అలాగే చూస్తూ ఉండిపోయింది. అత్తగారు గుమ్మం ముందు ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చుని, నున్నటి తల మీద వెన్న రాసుకుంటోంది. నాండి కొండల్లో పెళ్ళయిన ఆడది తల గొరిగించుకుందంటే మొగుడు పోయాడని అర్థం. కానీ ఈవిడ మొగుడు పోయింది నిన్నా మొన్నా కాదు. కోడలు పుట్టక ముందు.

"ఎవరు పోయారత్తా?"

"ఆ బుర్ర అడుగున ఇంకా జిడ్డుంది. సరిగ్గా తోము."

"నేనడిగేదేంటి, మీరు చెప్పేదేంటి? రేపు ఏటి దగ్గర నలుగురూ అడిగితే ఏం చెప్పను?"

"మా అత్తకి పేలు పట్టాయని చెప్పు."

కోడలు నవ్వాలో ఏడవాలో తెలియక మళ్ళీ బుర్ర అందుకుంది. తాబర్నో తన ఒడిలో ఉన్న బెరడు పొట్లాన్ని ఒకసారి తడిమి చూసుకుంది. పొద్దున అడవి నుంచి వచ్చిన పొట్లం. ఆ తర్వాత ఎడమ చెయ్యి చూసుకుంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత గాయం మచ్చ. చిన్నవాళ్ళందరికీ నిప్పు కాలిన మచ్చ అని చెబుతూ వచ్చింది.

లోయలో గాలి లేచింది. గాలితో పాటే తంతి తీగ మూలుగు కొండెక్కి వచ్చింది. అది వినిపిస్తే చాలు, ఈ వయసులో కూడా ఆమెకు కొత్త తోలు పావడా వాసన, వెన్న కలిపిన ఎర్రమట్టి వాసన ముక్కుకు తగులుతాయి. పెళ్ళినాటి వాసనలు.

*

అప్పటికి రైలు ఇంకా రాలేదు. మొంబాసా సముద్రం దగ్గర మొదలుపెట్టి పెద్ద సరస్సు దాకా ఇనప పట్టాలు పరుస్తున్నారని సంతకు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవాళ్ళు. రైలు కంటే ముందు కబుర్లు మోసే తంతి తీగ వచ్చింది. తెల్లవాళ్ళు లోయ పొడుగునా కర్రలు పాతించి, వాటి మీద ఎర్రటి రాగి తీగ లాగించుకుంటూ పోయారు. పాతినవాళ్ళు వెళ్ళిపోయారు. తీగ మాత్రం కాపలా లేకుండా, అడవి మధ్యలో, గాలికి మూలుగుతూ మిగిలింది.

కిటుర్ దాన్ని పెళ్ళికి ముందు చూశాడు.

అతనిది తేనె కొట్టే వంశం. ఆ కొండల్లో తేనెటీగల కోసం చెట్టుకు కట్టిన ప్రతి తేనె తొట్టి మీదా కట్టినవాడి వంశం గుర్తు చెక్కి ఉంటుంది. గుర్తున్న తొట్టి జోలికి ఆకలితో కళ్ళు తిరుగుతున్నవాడు కూడా పోడు. గుర్తు లేని తేనె మాత్రం ఎవరి కంట పడితే వాళ్ళది. కిటుర్ ఆ కర్రలన్నిటి చుట్టూ తిరిగి చూశాడు. పైకెక్కి చూశాడు. ఎక్కడా గుర్తు లేదు. గొడ్డలితో రెండు కర్రల మధ్య తీగ తెంపి, చుట్ట చుట్టి భుజాన వేసుకొచ్చాడు.

"ఇదెవరిది?" అని అడిగింది తాబర్నో. అప్పటికి ఆమె పెళ్ళికూతురు, మంచి మాటకారి.

"ఎవరిదీ కాదు. పిచ్చోళ్ళెవరో వేలాడదీసి మర్చిపోయారు."

"లోయ పొడుగునా వేలాడదీసి మర్చిపోతారా ఎవరైనా?"

"అయితే ఉచ్చు పన్నారేమో. ఏనుగు పడలేదు, జిరాఫీ పడలేదు. నేను పడ్డాను."

కమ్మరి ఆ తీగను వేడి చేసి, మెత్తబరిచి, ఆమె ఎడమ చేతికి చుట్ట మీద చుట్టగా మోచేతి దాకా బిగించాడు. వర్తకులు తెచ్చే తీగ పసుపుగా, పీలగా ఉండేది. ఇది పొద్దుటి సూర్యుడిలా ఉంది. పెళ్ళిలో ముసలివాళ్ళు పొడుగాటి గొట్టాలతో రాగుల కల్లు పీలుస్తూ కూడా దాన్నే చూశారు. ఆడవాళ్ళు దగ్గరకొచ్చి ముట్టుకుని, ఉసూరుమంటూ వెనక్కి పోయారు.

పెళ్ళినాడు చుట్టిన కడియాలను మొగుడు ప్రాణాలతో ఉన్నంత కాలం తీయకూడదు. తీస్తే అతను పోయినట్టే. అది అక్కడి కట్టు. అందుకే కమ్మరి అంత గట్టిగా బిగించాడు. ఆ సంగతి తర్వాత ఆమెకు బాగా తెలిసొచ్చింది.

ఆ రోజులు తాబర్నో ఇప్పటికీ మర్చిపోలేదు. మధ్యాహ్నం పశువులు నీడకు చేరాక కిటుర్ గుమ్మం దగ్గర వాలి, ఆమె చెయ్యి లాక్కుని కడియానికి చెవి ఆనించేవాడు.

"ఇంకా మూలుగుతోందే."

"నీ బరువుకి నేను మూలుగుతున్నాను. లే."

"కాదు, తెల్లోళ్ళ ఆవు. దూడని వెతుక్కుంటోంది."

ఆమె అత్తగారు, కిటుర్ తల్లి కొబిలో, అవతలి నుంచి అరిచేది. "ఏరా, నీ చెవి నీకు ఉందా, దానికే ఇచ్చేశావా? మేకలు జొన్నలో పడ్డాయి."

అంత నవ్విన కాలం మళ్ళీ రాలేదు.

*

తాబర్నోకి నెలలు నిండుతుండగా పక్క కొండ మీద పొగ లేచింది. గడ్డి కాల్చే పొగ కాదు. ఇళ్ళ కప్పులు తగలబడే నల్ల పొగ.

తీగ వెతుక్కుంటూ తెల్ల దొర వచ్చాడు. వెనక తుపాకుల సిపాయిలు. బారెడు పొడుగు కాళ్ళతో గడ్డిలో అడుగులేస్తాడని జనం అతనికి కొంగ దొర అని పేరు పెట్టుకున్నారు. తీగ ఎవరింట్లో దొరికితే ఆ ఇల్లు కాలుస్తున్నాడు, పశువుల్ని తోలుకుపోతున్నాడు. తెంపినవాణ్ని ఆ తీగకే ఉరి వేస్తానని ఊరూరా చెప్పిస్తున్నాడు. పక్క కొండ మీద దెబ్బలకు తట్టుకోలేక ఎవరో కిటుర్ పేరు చెప్పేశారు.

కిటుర్ ఈటె తీసుకుని పడమటి అడవిలోకి పరిగెత్తాడు. అక్కడ తేనె మీదా వేట మీదా బతికే అడవివాళ్ళకి అతను చిన్నప్పటి నుంచి తెలుసు.

"నా బుర్రలో పాలు పులిసేలోగా వచ్చేస్తా," అన్నాడు వెళ్తూ.

వస్తాడనే తాబర్నో అనుకుంది. కానీ మందతో వచ్చిన ఒక ముసలాయన ఇంకో మాట చెప్పాడు. కొంగ దొరకు దారి చూపిస్తున్నది బిర్గెన్. కిటుర్ ఈడువాడు. ఇద్దరూ ఒకే గుడిసెలో సుంతీ గాయం మాన్పుకుని మగవాళ్ళయినవాళ్ళు. కిటుర్‌కి తెలిసిన ప్రతి తేనె చెట్టూ, ప్రతి గుహా బిర్గెన్‌కీ తెలుసు. మనిషి దొరికేదాకా దొర ఈ కొండ దిగనంటున్నాడట.

మనిషి దొరికేదాకా. లేదా మనిషి లేడని తేలేదాకా.

తాబర్నో నేరుగా అత్తగారి దగ్గరకు వెళ్ళి చెయ్యి చాపింది.

"అత్తా, ఇది తియ్యి."

కొబిలోకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముఖం బూడిద రంగు తిరిగింది.

"నోరు ముయ్యి. బతికున్నవాడికి ఏడిస్తే ఏమవుతుందో తెలుసా? చావు ఆ ఏడుపు విని, ఎవడ్రా వాడు, నేను తీసుకెళ్ళకుండా ఎలా పోయాడని వెతుక్కుంటూ పోతుంది."

"చావు వెతకడం తర్వాత సంగతి. బిర్గెన్ వెతికితే రేపటికల్లా దొరుకుతాడు."

"వాణ్ని కన్నది నేను. ఏ నోటితో ఏడవమంటావే?"

"నువ్వు ఏడవకపోతే నన్నెవరూ నమ్మరు. కోడలి ఏడుపుని ఎవరు లెక్కచేస్తారు?"

ముసలిది, దేవుడికి మొక్కే తీరున సూర్యుడి వైపు తిరిగి ఉమ్మి, మన్నించమని మనసులో ఏదో చెప్పుకుని, లోపలికెళ్ళి క్షౌరపు కత్తి తెచ్చింది.

తల తేలిగ్గానే అయింది. కడియం కాలేదు. వెన్న రాశారు, నీళ్ళు పోశారు, కొబిలో తన కాలు కోడలి భుజానికి తన్నిపట్టి లాగింది. కమ్మరి బిగించిన తీగ చుట్ట చుట్టకీ చర్మం పట్టుకుని వచ్చింది. ఆఖరి చుట్ట ఊడేసరికి తాబర్నో పెట్టిన కేక కొండంతా వినిపించింది. ఆ కేకకు కొబిలో కేక కలిపింది. ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ నేల మీద పడి ఏడుస్తున్నారు. అడవిదున్న పొడిచిందట, కిటుర్ పోయాడట. నమ్మనివాడు లేడు.

*

మర్నాడు ఎండెక్కాక కొంగ దొర వచ్చాడు. బిర్గెన్ ముందు నడుస్తున్నాడు. సిపాయి చొక్కా వేసుకున్నాడు గాని చెవులకు మాత్రం పాత కొయ్య పోగులే ఉన్నాయి. తాబర్నో గుండు చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడు పోయాడు వదినా?"

"మీ పొగ లేచిన రోజున."

"ఎవరు మోశారు?"

"నేనూ, అత్తా. మగవాళ్ళంతా పారిపోగా మిగిలింది మేమేగా."

"ఎక్కడ పెట్టారు?"

ఆమె గడ్డంతో పడమటి పొదల వైపు చూపించింది. దొర సిపాయిల భాషలో ఏదో అడిగాడు. గొయ్యి ఎక్కడుందని అడుగుతున్నాడని చేతి సైగ చూస్తే తెలుస్తోంది. బిర్గెన్ తల అడ్డంగా ఊపి, దుమ్ములగొండిలా ఒక కూత కూసి చూపించాడు. ఆ కొండల్లో శవాలను పాతిపెట్టరు. పడమట గడ్డిలో పడుకోబెట్టి వస్తారు. మిగతాది దుమ్ములగొండులు చూసుకుంటాయి. దొర వికారంగా ముఖం పెట్టి, జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నాడు. తర్వాత తాబర్నో చేతి మీది పచ్చి పుండు వైపు వేలు చూపించాడు.

"తీగ ఏది అంటున్నాడు," అన్నాడు బిర్గెన్.

"ఏటిలో పారేశాను. నా కొంప ముంచిన తీగ నాకెందుకు?"

తీగ ఏటిలో లేదు. కొబిలో బూడిద పూసుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. తీగ చుట్ట ఆమె తోలు పావడా కింద, బూడిదలో ఉంది. కొడుకు కోసం ఏడుస్తున్న తల్లిని కూర్చున్న చోటి నుంచి లేపకూడదు. సిపాయి ఒకడు ఆమె భుజం మీద చెయ్యి వేయబోతే బిర్గెన్ వాడి చెయ్యి విదిలించి కొట్టాడు. ఆ తర్వాత తనే ఇల్లంతా వెతకడం మొదలుపెట్టాడు. పక్క కింద చూశాడు. కప్పు గడ్డిలో చెయ్యి పెట్టి చూశాడు. గోడకు వేలాడుతున్న పాల బుర్రల దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

కిటుర్ పాల బుర్ర అక్కడే ఉంది. మనిషి పోయిన రోజునే అతని బుర్రను గడప రాయికేసి పగలగొట్టాలి. గుండు గుర్తుంది, కడియం గుర్తుంది, ఏడుపు గుర్తుంది. ఇద్దరాడవాళ్ళూ బుర్ర సంగతి మర్చిపోయారు. పోనీ పాతదా అంటే కాదు. కిటుర్ వెళ్తూ వెళ్తూ అన్న మాట పట్టుకుని తాబర్నో దాని లోపల కొత్తగా బొగ్గు పొడి పట్టించి, పాలు పోసి, మూత బిగించి పెట్టింది.

బిర్గెన్ బుర్ర దింపాడు. మూత తీసి వాసన చూశాడు. ఎత్తి ఒక గుక్క తాగాడు. పాలు ఇంకా పులియలేదు. మూతికంటిన నల్లటి పాలు చేత్తో తుడుచుకుంటూ తాబర్నో కళ్ళలోకి చూశాడు. కొబిలో ఏడుపు ఆగిపోయింది. బయట దొర అసహనంగా బూట్లు నేలకేసి కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

బిర్గెన్ బుర్ర పట్టుకుని గుమ్మంలోకి నడిచాడు. అందరూ చూస్తుండగా గడప రాయికేసి కొట్టాడు. బుర్ర పెంకులై పోయింది. పాలు దొర కాళ్ళ దాకా పారాయి.

దొర ఏదో అరిచాడు. బిర్గెన్ వినయంగా ఏదో జవాబిచ్చాడు. పోయినవాడికి చెయ్యాల్సినది చేశానని చెప్పి ఉంటాడు. దొర ఇంకోసారి పడమటి పొదల వైపు చూసి, వెనక్కి తిరిగాడు.

బిర్గెన్ పెంకులు ఏరుతున్నట్టు వంగి, తాబర్నోకి మాత్రమే వినిపించేలా అన్నాడు.

"ఇదొకటి మర్చిపోయావు వదినా."

ఆమె కూడా వంగి ఒక పెంకు అందుకుంది.

"వాడి గాయం నేను కడిగాను, నా గాయం వాడు కడిగాడు. అందుకే. కానీ చంపినదానివి సరిగ్గా చంపు. వాడు మళ్ళీ లేచి తిరిగాడంటే వాడితో పాటు నన్నూ వేలాడదీస్తారు."

సిపాయిలు మందలోని మంచి ఆవుల్ని తోలుకుని కొండ దిగారు. ఇల్లు మాత్రం కాల్చలేదు. తాబర్నో గడప మీది పాలు ఇంకిపోయేదాకా చూస్తూ కూర్చుంది. ఇక కిటుర్‌ని ఇంటికి ఎలా తెచ్చుకోవడం అన్నదొక్కటే ఆమె ఆలోచన.

*

దారి దొరక్క ముందే బిడ్డ పుట్టాడు.

పుట్టిన బిడ్డకు పేరు పెద్దలు పెట్టరు. బిడ్డే చెప్పాలి. ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి, ముక్కు దగ్గర చిటికెడు నశ్యం పెట్టి, వంశంలో పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ఏ పేరుకు బిడ్డ తుమ్మితే ఆ మనిషి తిరిగి వచ్చినట్టు. అందరూ నవ్వుతారు. ఇంట్లో అంతకంటే మంచి గడియ లేదు.

కొబిలో పిలుస్తోంది. పోయిన తన మొగుడి పేరు పిలిచింది, మామ పేరు పిలిచింది. మామ తండ్రి పేరు పిలిచింది. ఏనుగు తొక్కిన చిన్న మరిది పేరు, కరువులో పోయిన పెద్ద మరిది పేరు. బిడ్డ హాయిగా కళ్ళు మూసుకుని పడుకున్నాడు. పేర్లు అయిపోయాయి.

"అత్తా, అసలు పేరు వదిలేశావేంటి?" అంది బిర్గెన్ భార్య తాప్కిగెన్. మంచి మనిషి. ఆమెకు ఏమీ తెలియదు. "పోయినవాళ్ళలో కన్నతండ్రి ఉండగా తాతలెందుకొస్తారు? కిటుర్‌ని పిలువు."

కొబిలో నశ్యం డబ్బీ మూత పెట్టేయబోయింది. "వాడు మొన్ననేగా పోయాడు. అప్పుడే ఎక్కడొస్తాడు?"

"దారి తెలిసినవాడు త్వరగానే వస్తాడు. పిలువు, పిలువు."

అందరూ పిలవమన్నారు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. కొబిలో కోడలి వైపు చూసింది. తాబర్నో కళ్ళు దించుకుంది.

"కిటుర్," అంది ముసలిది, నోట్లో నోట్లో.

బిడ్డ తుమ్మాడు.

గుడిసె కప్పు ఎగిరిపోయేలా నవ్వారు ఆడవాళ్ళు. తాప్కిగెన్ బిడ్డ నుదుటి మీద ఉమ్మి దీవించింది. తాబర్నో కూడా నవ్వింది, నవ్వకపోతే బాగుండదు కాబట్టి. బతికున్నవాడు బిడ్డలోకి ఎలా వస్తాడు? అంటే అడవిలో నిజంగానే పోయాడా?

అందరూ వెళ్ళాక కొబిలో పొయ్యి ఎగదోస్తూ అంది. "వాడు పోయాడని నువ్వూ నేనూ అంత గట్టిగా అరిచాం. పోయినవాళ్ళ లోకంలో కూడా నమ్మినట్టున్నారు."

"వాడు బతికే ఉంటే?"

"ఉంటే ఉన్నాడు. ఒక పేరు రెండు ఒళ్ళలో ఉండి ఒక కప్పు కింద పడుకోకూడదు. పడుకుంటే పోయినవాళ్ళు ఇద్దరిలో ఒకణ్ని లాక్కుపోతారు. ఎవణ్నిస్తావు?"

*

వానలు వెనకబట్టాక, బిడ్డ బోర్లా పడి పాకుతున్న రోజుల్లో, ముళ్ళ కంచె అవతల ఎవరో నిలబడి పిలిచారు.

"తేనె కావాలా తల్లీ?"

తాబర్నో రాగులు చెరుగుతోంది. ఆ గొంతు వినగానే చేట కింద పెట్టేసింది. కోతి తోలు కప్పుకున్న అడవి మనిషి. జుట్టు పెరిగింది, బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం అవే.

పక్కింటి ఆడవాళ్ళు వాకిట్లోనే ఉన్నారు. ఆమె మెల్లగా కంచె దగ్గరకు నడిచింది.

"నల్ల తేనెనా, తెల్ల తేనెనా?"

"చచ్చినవాడు కొట్టిన తేనె. రంగు చూడలేదు."

"నెమ్మదిగా మాట్లాడు."

"నువ్వు చాలా బాగా ఏడ్చావంట. అడవి దాకా కబురొచ్చింది. విని నా మీద నాకే జాలేసింది."

"నేను చేతి నొప్పికి ఏడ్చాను. నీకోసం ఏడ్చింది మీ అమ్మ."

అతను నవ్వుతూ కంచె తలుపు ముళ్ళకంప మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతి మీద తన చెయ్యి పెట్టి ఆపింది. గట్టిగానే పట్టుకుంది. అలా పట్టుకునే అంతా చెప్పింది. గుండు, బుర్ర, బిర్గెన్ మాట, నశ్యం, తుమ్ము.

కిటుర్ నవ్వు ఆగింది. ఆమె భుజం మీదుగా చూశాడు. బిడ్డ వాకిట్లో కూర్చుని మేక చెవి పట్టుకుని లాగుతున్నాడు.

"ముక్కు ఎవరిది?" అన్నాడు.

"నీదే. తుమ్ము కూడా నీదే."

"అడవికి వచ్చెయ్."

"వాణ్ని ఎక్కడ వదిలి రాను? వాడున్న కప్పు కింద నువ్వు ఉండకూడదు. అడవిలో కప్పయితే మాత్రం కప్పు కాకుండా పోతుందా?"

ఇంతలో దారి మీద చెప్పుల చప్పుడైంది. సిపాయి చెప్పులు. బిర్గెన్ వస్తున్నాడు, ఒక్కడే. పారిపోయే వ్యవధి లేదు. కిటుర్ తల వంచి తేనె సంచి ముడి విప్పుతూ కూర్చున్నాడు.

బిర్గెన్ కంచె దగ్గర ఆగాడు. సంచిలో వేలు పెట్టి, తేనె నాకి చూశాడు.

"ఎవరివిరా నువ్వు?"

"అడవివాణ్ని."

"తేనె బాగుంది. ఇలాంటి తేనె కొట్టేవాడు నా ఈడువాడు ఒకడుండేవాడు. పోయాడు." బిర్గెన్ అతని ముఖం వైపు చూడలేదు. తన వేలు వైపే చూసుకుంటున్నాడు. "అడవిలో వాడి దయ్యం కనిపిస్తే చెప్పు. తేనె అమ్ముకోవడానికి ఎవడొచ్చినా నాకు అభ్యంతరం లేదు. కంచె దాటి ఇంట్లోకి మాత్రం రావొద్దని."

"కనిపిస్తే చెబుతా," అన్నాడు కిటుర్.

"వాణ్ని చూస్తే నాకూ ఏడుపొస్తుందని కూడా చెప్పు," అని బిర్గెన్ వెళ్ళిపోయాడు.

కొబిలో ఇంట్లోంచి వచ్చింది. అతిథులకిచ్చే బుర్రలో పాలు తెచ్చి కొడుక్కి అందించింది. తోలు కొంగులోంచి తీగ చుట్ట తీసి తాబర్నో చేతిలో పెట్టింది. ముసలిది ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడితే పేరు పెట్టి పిలిచేసేది.

తాబర్నో చుట్టను కంచె మీదుగా అందించింది. "ఇది నీ దగ్గరుంచు. నువ్వు నిజంగా పోయిన రోజున నాకు పంపించు."

"పోయాక ఎలా పంపుతానే?"

"పోయినవాడివి తేనె తెచ్చావుగా. ఇదీ తేగలవు."

*

అలా ఎన్నో ఏళ్ళు వచ్చాడు. వానలు వెనకబట్టగానే కంచె అవతల తేనె మనిషి కూర్చునేవాడు. తాబర్నో చేట తీసుకెళ్ళి ఇవతల కూర్చునేది. రాగులు చెరగడానికి ఆమెకు ఆ ఒక్క రోజు పొద్దుగూకేదాకా పట్టేది. లోకంలో మొగుడూ పెళ్ళాలు ఏడాది పొడుగునా మాట్లాడుకునేవి వాళ్ళు ఒక్క పూటలో మాట్లాడుకునేవారు. పోట్లాట కూడా ఆ పూటలోనే.

కొబిలో చనిపోయిన ఏడాది అతను కంచె అవతలే తల గొరిగించుకున్నాడు. బిర్గెన్ ముసలివాడై, సిపాయి చొక్కా వదిలేసి, ఆ రోజుకి మాత్రం ఏదో పని ఉన్నట్టు వచ్చి తేనె నాకి పోయేవాడు. అంతకు ముందే లోయలోకి రైలు వచ్చింది. మొదటిసారి అది కూత పెట్టినప్పుడు కిటుర్ చెవి కంచెకు ఆనించి, "ఆవుకి దూడ దొరికింది," అన్నాడు.

కొడుక్కి అతను తేనె మామ. పెద్దవాడయ్యాక ఆ కొడుకు తంతి స్తంభాలెక్కి తెగిన తీగలు కట్టే పనిలో చేరాడని చెప్పినప్పుడు కిటుర్ కడుపు పట్టుకుని నవ్వాడు.

"నేను తెంపుతాను, నేనే కడతాను. ఇంక కొంగ దొర ఎవర్ని పట్టుకుంటాడు?"

ఈ ఏడు వానలు వెనకబట్టాయి. తేనె మనిషి రాలేదు. ఈ పొద్దున ఎవరో కొత్తవాడు కంచె అవతల నిలబడి, పేరడిగి, బెరడు పొట్లం ఇచ్చి వెళ్ళిపోయాడు. తాబర్నో విప్పకుండానే బరువు బట్టి పోల్చుకుంది. ఏడవలేదు. ఈసారి చావుకు తెలియనిదేముంది? క్షౌరపు కత్తి మాత్రం అడిగి తెప్పించుకుంది.

*

సాయంత్రం కొడుకు పని నుంచి వచ్చాడు. తల్లి గుండు చూసి గుమ్మంలోనే ఆగాడు. కోడలు వెనక నుంచి, "నన్నడక్కండి. పేలంట," అంది.

అతను తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె ఒడిలో పొట్లం విప్పి ఉంది. రాగి చుట్ట నల్లబడలేదు. ఎవరో రోజూ తోలుతో తోమినట్టు ఎర్రగా ఉంది. కొడుకు దాన్ని చేతిలోకి తీసుకుని పనివాడి చూపుతో అటూ ఇటూ తిప్పాడు.

"పాత రకం తంతి తీగ. ఇంత మందం తీగ ఇప్పుడు రావట్లేదు. రైల్వేవాళ్ళు చూస్తే ఊరుకోరమ్మా. ఎవరిదిది?"

"గుర్తుందేమో చూడు."

అతను వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. చుట్ట చుట్టకీ, సూది మొనతో గీసినట్టు, ఒకటే గుర్తు. తమ తేనె తొట్ల మీద తాతల నాటి నుంచి చెక్కే గుర్తు. అతను ఒక్కో చుట్టే వేలితో తడుముతూ ఆఖరి దాకా వెళ్ళాడు. తల్లి ఎడమ చేతి మీది మచ్చ వైపు చూశాడు. మళ్ళీ చుట్ట వైపు చూశాడు. కంచె వైపు చూశాడు.

"తేనె మామ నవ్వు నా నవ్వులా ఉంటుందని చిన్నప్పుడు అందరూ అనేవాళ్ళు," అన్నాడు.

"అనేవాళ్ళు."

లోయలో గాలి లేచింది. అతను చుట్టను తల్లి ఒడిలో పెట్టి, తన పెద్ద చేత్తో మూశాడు.

"మనదేనమ్మా," అన్నాడు. "మన గుర్తే ఉంది."